యాభై కేబీ లోపల

ఫారంలో రాశారు:
లేత రంగు నేపథ్యం, భుజాలు కనపడాలి,
నవ్వీ నవ్వనట్టుండాలి,
బరువు యాభై కేబీ దాటకూడదు.

పదకొండేళ్లుగా రైతులు సీసాల్లో తెచ్చే
చెరువు నీళ్ల ఉప్పదనం కొలిచాను.
రొయ్యని వెలుతురుకెత్తి పేగు చూసి
రోగం పేరు చెప్పాను.
నా మొహం చూసి ఏం చెప్పాలో మాత్రం
నాకు తెలియలేదు.

నరసాపురంలో ధనరాజు స్టూడియోలో
మేకుకి వేలాడే కోటు ఒకటే.
బ్యాంకు పరీక్షల కుర్రాళ్లూ, నర్సింగు పిల్లలూ,
గల్ఫు వెళ్లే డ్రైవర్లూ
అందరూ అందులోంచే వెళ్లారు.
మెడ దగ్గర ఎవరిదో పౌడరు, ఎవరిదో చెమట.
వీపు వెనక నాలుగు బట్టల క్లిప్పులు బిగించి
"ఊపిరి పీల్చకండి మేడం" అన్నాడు.
తర్వాత కంప్యూటర్లో
చెరువు గట్ల ఎండంతా తుడిచేశాడు,
కంటి కింది పుట్టుమచ్చతో సహా.
మొహానికి తెల్లమచ్చ తెగులు సోకినట్టుంది.
నేనైతే ఆ చెరువుని
ఆ పూటే పట్టుబడి చేసేయమంటాను.

చెల్లెలి పెళ్లి ఫోటో ఒకటుంది.
అందులో బాగుంటాను, ఆ సంగతి నాకు తెలుసు.
ఎంత కోసినా భుజం మీద
గోరింటాకు చెయ్యొకటి మిగిలిపోతోంది.
ఆ చెయ్యి ఎవరిదో
ఫారంలో ఏ గడిలోనూ అడగలేదు.

ఇంకోటి, ల్యాబులో చేరినప్పటి కార్డు మీది బొమ్మ.
కళ్లనిండా బెదురు.
ఆ పిల్లకి ఉద్యోగం ఇచ్చారు గదా అని
కాసేపు ఆశపడ్డాను.
మొన్న ల్యాబు మూసేస్తూ
ఆ కార్డే వెనక్కిచ్చేయమన్నారు.

ఒక అర్ధరాత్రి, రొయ్యలు తేలిపోయాయని
లుంగీ తడుపుకుని పరిగెత్తుకొచ్చిన రైతు
సీసా నా చేతిలో పెట్టి
సీసా వంకే చూస్తూ నిలబడ్డాడు.
అన్నేళ్లలో ఎవరూ
నా మొహం చూసి రాలేదు.

పంటు మీద సఖినేటిపల్లి వెళుతూ
మూడూ పక్కపక్కన పెట్టుకు చూస్తుంటే
చేపల బుట్ట పక్కనున్న గంటాలమ్మ తొంగి చూసి
"కోటేసుకున్న పిల్లెవరు, మీ చుట్టాలా?" అంది.
టిక్కెట్లు కోసే తాతాజీ
"కోటుకే ఇత్తారండి ఉద్యోగం,
మొగం ఎవరు చూత్తారు" అన్నాడు.
బుల్లెట్టు మీంచి దిగకుండానే ఒక ఆసామి
పెళ్లి ఫోటోకి ఓటేశాడు.
"ఇంతకీ ఏం పని?" అంది గంటాలమ్మ.
ఉప్పాడ వైపు హేచరీలో, పిల్లల్ని చూసుకోవాలి, అన్నాను.
"రొయ్య పిల్లల్నా?
అయితే వాటికి నచ్చితే చాలు గదే!"

ఐసు కరిగిపోయిన థర్మాకోల్ పెట్టె మూత తీసి
తాతాజీ నా తల వెనకాల పట్టుకున్నాడు.
లేత రంగే.
వాసన ఫోటోలో పడదు గదా.
బుల్లెట్టాయన ఫోను తీసుకున్నాడు.
ఎండ మొహాన పడుతోంది, ఇటు తిరగమని కొందరు,
కాదు అటని కొందరు,
పంటంతా తలో మాటా అంది.
వశిష్ట పోటు మీదుంది.
ఒక్కసారి ఊగింది పంటు.
అప్పుడు నవ్వానో, పడిపోకుండా ఆపుకున్నానో,
ఫారం అడిగింది మాత్రం
సరిగ్గా అదే.

రేవు చేరేలోగా కోసి, కుదించి, మళ్లీ కోసి
మూడొందలు, నూటిరవై, అరవై రెండు.
తగ్గించినప్పుడల్లా
చెంప మీది వెంట్రుకలు కలిసిపోయాయి,
చీర అంచు గళ్లు చెరిగిపోయాయి.
పుట్టుమచ్చ పోయిందేమోనని
ఫోను కళ్లకి ఆనించుకుని చూశాను.
ఉంది.
నలభై ఎనిమిది.

ఎడమ చెవి పక్కన మాత్రం
తాతాజీ బొటనవేలు,
గోట్లో గ్రీజుతో.
దాన్ని కోస్తే చెవి పోతుంది.

రేవు తగిలింది. బుట్టలు నెత్తికెక్కాయి.
"పంపేశారేటండీ?" అని
వెనకాల్నుంచి కేకేశాడు తాతాజీ,
టిక్కెట్టు డబ్బులు అడగడం మర్చిపోకుండా.